నెలలు నిండని బిడ్డ, రక్తం, మెదడు

ఏడో నెలలోనే కాన్పయిపోతుంది. బిడ్డను నవజాత శిశు విభాగంలో, బాక్సులో పెడతారు. మొదటి వారం ఎవరికీ కంటిమీద కునుకుండదు. మూడో వారానికి ఊపిరి కుదుటపడుతుంది, గొట్టం తీసేస్తారు, చుక్కచుక్కగా తల్లిపాలు పట్టడం మొదలుపెడతారు. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. సరిగ్గా అప్పుడు డాక్టరు వచ్చి, ‘హిమోగ్లోబిన్ తగ్గింది, రక్తం ఎక్కించాల్సి రావచ్చు’ అంటారు. మళ్లీ గుండె జారిపోతుంది. నిన్నటిదాకా బాగుందన్నారు కదా, ఉన్న రక్తం ఎక్కడికి పోయిందని అడుగుతారు. కొందరు ‘ఎంతైనా తెస్తాం, వెంటనే ఎక్కించేయండి’ అంటారు. ఇంకొందరు ‘ఎవరి రక్తమో ఏమో, వద్దు’ అంటారు. ఎటు తిరిగినా చివరికి అందరూ ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తారు. ‘డాక్టరుగారూ, దీనివల్ల బుర్ర మీద ఏమన్నా పడుతుందా?’

నేను నవజాత శిశువుల వైద్యంలో ఉన్నదాన్ని. ఈ ప్రశ్న నాకు చాలా తరచుగా ఎదురవుతుంది. ఇది చాలా న్యాయమైన ప్రశ్న. ప్రపంచంలోని పెద్ద పెద్ద ఆస్పత్రులు పదిహేనేళ్లకు పైగా దీనికే జవాబు వెతికాయి. ఆ జవాబు కొంతవరకు దొరికింది కూడా. అదేమిటో, దాని ప్రకారం మనం ఏం చేయాలో ఈ రోజు చెబుతాను.

ముందు రక్తం ఎక్కడికి పోయిందో చూద్దాం. నెలలు నిండి పుట్టిన బిడ్డకు హిమోగ్లోబిన్ 16 నుంచి 18 గ్రాముల దాకా ఉంటుంది. అంటే మనకంటే ఎక్కువ. కడుపులో ఉన్నప్పుడు మాయ ద్వారా అందే ఆక్సిజనే బిడ్డకు దిక్కు, అది మనం పీల్చుకునేంత ఉండదు. ఆ లోటు పూడ్చుకోవడానికే ఎర్ర కణాలు అంత ఎక్కువగా ఉంటాయి. బయటికొచ్చి కేర్‌మనగానే ఆక్సిజన్ పుష్కలంగా దొరుకుతుంది. ఇక అన్ని కణాలు అక్కర్లేదు కాబట్టి ఎముకల్లోని మజ్జ పని తగ్గించేస్తుంది. రెండు, మూడు నెలలకు హిమోగ్లోబిన్ 10, 11 దగ్గరికి దిగి, మళ్లీ దానంతటదే లేస్తుంది. ఇది జబ్బు కాదు. మన ఇళ్లలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఇది జరిగింది. అప్పుడు ఎవరూ పరీక్ష చేయించరు కాబట్టి ఎవరికీ తెలియదు.

నెలలు నిండని బిడ్డలో ఈ దిగడం తొందరగా మొదలవుతుంది, ఎక్కువ దూరం పోతుంది. కిలో లోపు బరువున్న పిల్లల్లో నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య 7, 8 దాకా వచ్చేస్తుంది. మజ్జకు ‘రక్తం తయారుచెయ్యి’ అని కబురు పంపే హార్మోను ఒకటుంది, దాని పేరు ఎరిత్రోపోయిటిన్. మనలో దాన్ని మూత్రపిండాలు తయారుచేస్తాయి. కడుపులో ఉన్న బిడ్డలో ఆ పని కాలేయానిది. ఆక్సిజన్ తగ్గిందని మూత్రపిండాలు పసిగట్టినంత చురుగ్గా కాలేయం పసిగట్టదు. ఈ బిడ్డ బయటికైతే వచ్చింది గానీ, ఒంట్లో ఏర్పాట్లన్నీ ఇంకా కడుపులో ఉన్నప్పటివే. అందుకే రక్తం తగ్గుతున్నా కబురు ఆలస్యంగా, అరకొరగా వెళుతుంది. పైగా మన ఎర్ర కణం 120 రోజులు బతికితే, ఈ పిల్లల ఎర్ర కణం 35 నుంచి 50 రోజులే బతుకుతుంది. బిడ్డ బరువు పెరిగేకొద్దీ రక్తం కూడా పెరగాలి, దానికి ఇనుము కావాలి. తల్లి నుంచి బిడ్డకు చేరే ఇనుములో చాలా భాగం చివరి మూడు నెలల్లోనే చేరుతుంది. ఆ మూడు నెలలే ఈ బిడ్డకు దక్కలేదు.

వీటికి తోడు ఇంకో కారణముంది. అది మేమే, అంటే ఆస్పత్రి. 700 గ్రాముల బిడ్డ ఒంట్లో ఉండే రక్తమంతా కలిపితే 60, 65 మిల్లీలీటర్లు. చిన్న టీ గ్లాసు కూడా నిండదు. అందులోంచే రక్తంలో వాయువుల పరీక్షకు కొంత, చక్కెరకు కొంత, ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడటానికి కొంత, కామెర్లకు కొంత తీయాలి. ఆ బిడ్డ నుంచి ఒక మిల్లీలీటరు తీయడమంటే పెద్దవాళ్ల నుంచి దాదాపు 80 మిల్లీలీటర్లు తీసినట్టు. పరిస్థితి విషమంగా ఉన్న మొదటి వారాల్లో ఇలా చుక్కచుక్క పోయినదంతా కూడితే, కొందరు పిల్లల్లో పుట్టినప్పుడున్న రక్తంలో పెద్ద వాటాయే అవుతుంది. పరీక్షలు మానలేం, అవి లేకుండా ఆ బిడ్డను బతికించలేం. కానీ మంచి విభాగంలో నర్సు చేసే పని గమనించండి. మడమ మీద చిన్నగా గుచ్చి, సన్నటి గాజు గొట్టంలోకి కొన్ని చుక్కలు మాత్రమే ఎక్కనిస్తుంది. దూదితో అదిమిపెట్టి, ఎంత తీసిందో అప్పుడే చార్టులో రాస్తుంది, పాయింట్ మూడు, పాయింట్ ఐదు అని. ఆ అంకె రాసే అలవాటున్న చోట ‘ఈ పరీక్ష ఇవాళ నిజంగా అవసరమా’ అన్న ఆలోచన వస్తుంది. రక్తహీనతకు చికిత్స అక్కడే మొదలవుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మెదడు సంగతికి వద్దాం.

24 వారాల బిడ్డ మెదడు పైన దాదాపు నున్నగా ఉంటుంది. మనం బొమ్మల్లో చూసే ఆ మడతలన్నీ అక్కడి నుంచి 40 వారాల లోపల ఏర్పడతాయి. 34 వారాలకు, అంటే ఎనిమిదో నెలలో కూడా, మెదడు బరువు నెలలు నిండినప్పటి బరువులో 65 శాతమే ఉంటుంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదని మన ఊళ్లలో ఇప్పటికీ అంటుంటారు. అది పూర్తిగా తప్పు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు మేలే. ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ ఏడో నెలలో పుట్టిన బిడ్డకంటే మామూలుగా మెరుగైన స్థితిలోనే ఉంటుంది. ఆ మాట నమ్మి ఎనిమిదో నెల బిడ్డ మీద ఆశ వదులుకోవడం దారుణం.

ఈ వారాల్లోనే నరాల తీగల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర కట్టే కణాలు తయారవుతుంటాయి. ఆ కణాలకు ఆక్సిజన్ కావాలి, ఇనుమూ కావాలి. మొదటి రోజుల్లో మరో గండం ఉంటుంది. మెదడు లోపల, నీటి గదుల అంచున, ఎంతో పల్చటి రక్తనాళాల గుత్తి ఒకటి ఉంటుంది. 32 వారాల లోపు పుట్టిన పిల్లల్లో రక్తపోటు ఎగుడుదిగుడులకు అవి చిట్లి మెదడులో రక్తస్రావం కావచ్చు. తలకు స్కానింగ్ పదే పదే చేసేది దీనికోసమే. మాడు ఇంకా మెత్తగా తెరుచుకునే ఉంటుంది కాబట్టి అక్కడి నుంచే చూడవచ్చు. బిడ్డకు నొప్పి ఉండదు, రేడియేషన్ ఉండదు.

మరి ఇలా పెరుగుతున్న మెదడుకు ఆక్సిజన్ తెచ్చేది ఎర్ర కణాలే కదా, వాటిని ఎక్కువ ఉంచితే మెదడుకు మంచిదే కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. డాక్టర్లకూ అలాగే అనిపించింది. ఒక గీత గీసుకుని హిమోగ్లోబిన్ అక్కడికి రాగానే రక్తం ఎక్కించేవారు. ఆ గీత ఒక్కో ఆస్పత్రిలో ఒక్కోచోట ఉండేది.

అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు 100 మంది పిల్లలను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీశారు. ఒక జట్టుకు హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉండగానే రక్తం ఎక్కించారు, రెండో జట్టుకు బాగా తగ్గాకే ఎక్కించారు. 2005లో ఫలితాలు వచ్చాయి. బాగా తగ్గేదాకా ఆగిన జట్టులో మెదడు దెబ్బతిన్న పిల్లలు ఎక్కువగా కనిపించారు. చూశారా, రక్తం ముందే ఎక్కించాలి అనుకున్నారు అందరూ. అయితే అదే పిల్లల్లో కొందరిని దాదాపు పన్నెండేళ్ల వయసులో మళ్లీ పిలిచి ఎమ్మారై తీస్తే బొమ్మ తిరగబడింది. ఎక్కువ రక్తం ఎక్కించుకున్న జట్టు పిల్లల మెదడు పరిమాణమే తక్కువగా ఉంది. కెనడా వైద్యుడు హరేశ్ కిర్పలానీ నాయకత్వంలో, కిలో లోపు పిల్లలు 451 మందితో జరిగిన మరో పరిశోధన 2006లో వచ్చింది. ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లేసరికి రెండు జట్లకూ తేడా లేదు. కానీ ఏడాదిన్నర దాటాక చూసినప్పుడు, ఎక్కువ రక్తం అందిన పిల్లల తెలివితేటలు కాస్త మెరుగేమోనన్న సూచన కనిపించింది. ఒకటి ఇటు లాగుతుంది, ఇంకొకటి అటు లాగుతుంది. చిన్న చిన్న పరిశోధనలతో ఇది తేలదని అందరికీ అర్థమైంది.

2020లో రెండు పెద్ద పరిశోధనల ఫలితాలు కొద్ది నెలల తేడాతో వచ్చాయి. ఒకటి యూరప్‌లో 36 ఆస్పత్రుల్లో 1,013 మంది పిల్లలతో చేసినది. రెండోది అమెరికాలో 1,824 మందితో చేసినది. దీనికి కూడా నాయకుడు అదే కిర్పలానీ. తన పాత పరిశోధనలో కనిపించిన సూచన నిజమో కాదో తానే తేల్చుకోవాలని బయల్దేరిన ఆ పట్టుదల నాకు ఎంతో నచ్చుతుంది. రెండింటిలోనూ పిల్లలంతా కిలోకు మించని బరువుతో పుట్టినవాళ్లు. అమెరికా పరిశోధనలో, ఊపిరికి యంత్రం సాయం అవసరమైన బిడ్డకు మొదటి వారంలో ఒక జట్టులో హిమోగ్లోబిన్ 13కి తగ్గగానే, రెండో జట్టులో 11కి తగ్గాకే రక్తం ఎక్కించారు. మూడో వారం దాటి, ఊపిరికి ఏ సాయమూ అక్కర్లేని బిడ్డకైతే గీత ఒక జట్టులో 10, రెండో జట్టులో 7. ఆ తర్వాత రెండేళ్ల వయసు దాకా ఆగి, పిల్లల నడక, చూపు, వినికిడి, తెలివి అన్నీ పరీక్షించారు. చనిపోయిన పిల్లలు, ఎదుగుదలలో గట్టి లోపం మిగిలిన పిల్లలు కలిసి ఎక్కువ రక్తం జట్టులో 50.1 శాతం, తక్కువ రక్తం జట్టులో 49.8 శాతం. యూరప్‌లో అదే లెక్క 44.4, 42.9. అంటే తేడా లేదు. పేగులు దెబ్బతినే జబ్బులోనూ తేడా రాలేదు.

ఈ శాతాలు విని కంగారు పడకండి. ఇవి కిలోకు మించని, అందులోనూ బాగా ముందు పుట్టిన పిల్లల లెక్కలు. మన దగ్గర నెలలు నిండకుండా పుట్టే పిల్లల్లో ఎక్కువమంది అంతకంటే పెద్దవాళ్లు, వాళ్ల అవకాశాలు చాలా మెరుగు.

రక్తం ఎక్కువ ఎక్కిస్తే మెదడు ఎక్కువ ఎదగదని దీనివల్ల తేలింది. చిన్న ఒంటికి తనదైన సర్దుబాటు ఉంది. ఎర్ర కణాలు తగ్గితే గుండె వేగంగా కొట్టుకుంటుంది, మెదడుకు వెళ్లే రక్తనాళాలు వెడల్పవుతాయి, వచ్చిన ఆక్సిజన్‌లోంచి మెదడు ఎక్కువ వాటా తీసుకుంటుంది. అలాగని రక్తహీనత ఎంతున్నా పరవాలేదనీ దీని అర్థం కాదు. ఆ పరిశోధనల్లో తక్కువ గీతకు కూడా ఒక హద్దుంది. దానికంటే కిందికి పోతే ఏమవుతుందో చూడటానికి ఎవరూ ఏ బిడ్డనూ వదిలేయలేదు. అందుకే 2024లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆ తక్కువ గీతనే పాటించమన్నాయి. ఊపిరికి సాయం అవసరమైన బిడ్డకు మొదటి వారం 11, రెండో వారం 10, తర్వాత 8.5. సాయం అక్కర్లేని బిడ్డకు వరుసగా 10, 8.5, 7. ఆ పైన డాక్టరు బిడ్డను చూస్తారు. పడుకున్నప్పుడూ గుండె దడదడలాడుతోందా, మధ్యమధ్య ఊపిరి ఆపేస్తోందా, పాలు తాగుతూ అలసిపోతోందా, బరువు పెరగడం ఆగిందా, ఆపరేషన్ ఏదైనా ఉందా అని. కాబట్టి 8 ఉన్నా డాక్టరు ఆగితే నిర్లక్ష్యం అనుకోకండి. 10 ఉన్నా ఎక్కిస్తే అనవసరం అనుకోకండి. ఎందుకని అడగండి. అడిగే హక్కు మీకుంది, చెప్పే బాధ్యత మాకుంది.

ఎరిత్రోపోయిటిన్ హార్మోనునే ఇంజెక్షన్‌గా ఇస్తే రక్తమూ పెరుగుతుంది, మెదడుకూ రక్షణ దొరుకుతుందని చాలా ఆశలుండేవి. జంతువుల మీద ప్రయోగాలు ఆ ఆశ పెంచాయి. అమెరికాలో 941 మంది పిల్లలకు పెద్ద మోతాదులో ఇచ్చి చూశారు. ఆ ఫలితం కూడా 2020లోనే వచ్చింది. రెండేళ్ల వయసులో ఇచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ తేడా లేదు. మెదడును కాపాడటానికి ఆ ఇంజెక్షన్ కోసం వేలకు వేలు అప్పుచేసి పరుగెత్తాల్సిన పని లేదు.

రక్తం ఎక్కించే రోజు ఎలా ఉంటుందో కూడా చెబుతాను. భయం సగం తెలియకపోవడం వల్లే. పెద్దవాళ్లకైతే బాటిళ్ల లెక్క. 900 గ్రాముల బిడ్డకు ఒకసారికి ఇచ్చేది 13, 14 మిల్లీలీటర్లు. బ్లడ్ బ్యాంకు నుంచి వచ్చిన చిన్న బ్యాగు మీద నంబరు, గ్రూపు, గడువు తేదీ ఒక నర్సు పైకి చదువుతుంది, రెండో నర్సు బిడ్డ కాలికున్న పట్టీతో సరిచూస్తుంది. సిరంజి పంపులో పెట్టాక ఆ కాస్త రక్తమే మూడు నాలుగు గంటలపాటు సన్నటి గొట్టంలో కదులుతుంది. పక్కనే నిలబడి చూస్తే కదులుతున్నట్టు కూడా కనిపించదు. అంతసేపూ గుండె వేగం, ఊపిరి, ఒంటి వేడి చూస్తూనే ఉంటారు. ఒకే దాత ఇచ్చిన రక్తాన్ని చిన్న చిన్న బ్యాగుల్లోకి విడదీసి, అదే బిడ్డకు మళ్లీ అవసరమైతే అందులోంచే ఇచ్చే ఏర్పాటున్న బ్లడ్ బ్యాంకులున్నాయి. అలా చేస్తే బిడ్డ ఒంట్లోకి ఎక్కువమంది రక్తం పోదు. మీ ఆస్పత్రిలో ఆ వీలుందేమో కనుక్కోండి.

ఇక్కడ దాదాపు ప్రతి కుటుంబమూ పట్టుబట్టే విషయం ఒకటుంది. ఒక నాయనమ్మ నన్ను అడిగిన తీరు ఇంకా గుర్తుంది. ‘అమ్మా, నా మనవడికి ఎవరి రక్తమో ఎందుకమ్మా? వాడి నాయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. గ్రూపు కూడా ఒకటేనన్నారు. ఎంత కావాలంటే అంత తీసుకోండి.’ ఆమె మాటలో తప్పేముంది? కన్నతండ్రి రక్తంకంటే మంచిది ఎక్కడుంటుందని మనకు అనిపించడం సహజం. ఆమెను కూర్చోబెట్టి చెప్పాను. ‘పెద్దమ్మా, ఇక్కడ మాత్రం బయటివాళ్ల రక్తమే క్షేమం. తండ్రి రక్తంలోని తెల్ల కణాలు బిడ్డ కణాలను సగం పోలి ఉంటాయి. అందుకని బిడ్డ ఒళ్లు వాటిని పరాయివని గుర్తుపట్టలేక లోపలే ఉండనివ్వొచ్చు. అవి మాత్రం బిడ్డను పరాయిగా చూసి దాడి చేయవచ్చు. అరుదే గానీ, వచ్చిందంటే ప్రాణం మీదికి వస్తుంది.’ రక్తాన్ని రేడియేషన్‌తో శుద్ధి చేస్తే ఈ ప్రమాదం తప్పుతుంది గానీ ఆ యంత్రం అన్నిచోట్లా ఉండదు. మరొకటి, తండ్రి కణాలను ఎదిరించే యాంటీబాడీలు కొందరు తల్లుల్లో తయారై, మాయ దాటి బిడ్డ రక్తంలో ఉంటాయి. అందుకని ఆ తండ్రి బ్లడ్ బ్యాంకులో రక్తదానం చేశాడు. అది మరెవరికో ఉపయోగపడింది. మరెవరో ఇచ్చినది ఈ బిడ్డకు వచ్చింది.

అసలు రక్తం ఎక్కించే అవసరాన్నే తగ్గించే మార్గం ఒకటి పురిటి గదిలోనే ఉంది. దానికి పైసా ఖర్చు లేదు, మందు లేదు, యంత్రం లేదు. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు బిగించకుండా ఒక నిమిషం ఆగడం. ఆ నిమిషంలో మాయలో ఉన్న బిడ్డ సొంత రక్తం బిడ్డలోకి వస్తుంది. నెలలు నిండని పిల్లల్లో అది కిలోకు దాదాపు 10 నుంచి 15 మిల్లీలీటర్లు. ఇందాక 900 గ్రాముల బిడ్డకు ఒకసారికి ఎక్కించే రక్తం ఎంతన్నానో గుర్తుచేసుకోండి, దాదాపు అంతే. కాకపోతే ఇది సొంత రక్తం, వెచ్చటి రక్తం, ఇనుముతో సహా వచ్చే రక్తం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో కనీసం ఒక నిమిషం ఆగమనే చెబుతోంది. 2023లో ఎన్నో పరిశోధనల్లోని 3,260 మంది నెలలు నిండని పిల్లల వివరాలను ఒక్కచోట చేర్చి చూశారు. తాడు వెంటనే బిగించినప్పుడు ఆస్పత్రిలో చనిపోయిన పిల్లలు నూటికి 8 మంది దాకా ఉంటే, ఆగి బిగించినప్పుడు ఆరుగురు. ఆ ఇద్దరు పిల్లల ప్రాణాలు ఒక్క నిమిషం ఓపికలో ఉన్నాయి. పాతకాలంలో మన మంత్రసానులు చాలామంది మాయ పడ్డాకే బొడ్డు కోసేవారు. వాళ్ల కత్తి శుభ్రంగా లేక ధనుర్వాతం వచ్చి ఎందరో బిడ్డలు పోయిన మాట నిజమే. కానీ ఆగడం అనే ఆ ఒక్క అలవాటు మంచిది. ఆస్పత్రి కాన్పులు వచ్చాక దాన్ని కూడా వదులుకున్నాం. ఇప్పుడు మళ్లీ నేర్చుకుంటున్నాం.

ఒక జాగ్రత్త ఉంది. ఆగే తీరిక లేదని తాడును చేత్తో పిండి రక్తాన్ని బిడ్డ వైపు తోసే పద్ధతి ఒకటుంది. 28 వారాల లోపు పిల్లల్లో అది చేస్తే మెదడులో తీవ్రమైన రక్తస్రావం ఎక్కువగా కనిపించింది. ఆగి బిగించిన జట్టులో నూటికి ఆరుగురిలో వస్తే, పిండిన జట్టులో 22 మందిలో వచ్చింది. 2019లో వెలువడిన ఆ పరిశోధనలో, అంత చిన్న పిల్లల వరకు పరీక్షను అర్ధాంతరంగా ఆపేయాల్సి వచ్చింది. ఇందాక చెప్పాను కదా, పల్చటి రక్తనాళాలని. ఒక్కసారిగా తోసిన రక్తాన్ని అవి తట్టుకోలేవు. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ముందుగా కాన్పు అయ్యే సూచన ఉంటే డాక్టరును ముందే ఒక్క మాట అడగండి. ‘తాడు బిగించే ముందు ఒక నిమిషం ఆగుతారా అమ్మా?’ తల్లికి రక్తస్రావం ఎక్కువగా ఉంటేనో, బిడ్డకు వెంటనే ఊపిరి అందించాల్సి వస్తేనో ఆగలేకపోవచ్చు. అది వాళ్ల నిర్ణయానికి వదలండి. అడగడం మాత్రం మానకండి.

ఇంకాస్త వెనక్కి వెళితే తల్లి ఒంట్లో రక్తం సంగతి వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. తల్లికి రక్తం బాగా తక్కువైతే కాన్పు ముందే అయ్యే ప్రమాదం పెరుగుతుంది, బిడ్డకు చేరే ఇనుమూ తగ్గుతుంది. ఆశా కార్యకర్త ఇచ్చే ఎర్ర మాత్ర, అదే 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్ర, రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి, కాన్పయ్యాక మరో 180 రోజులు. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పుట్టిన నేల మీదే మాత్రలు డబ్బాల్లో మిగిలిపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. కడుపులో తిప్పుతుందనీ, మలం నల్లగా వస్తుందనీ మానేస్తారు. నల్లగా రావడం మామూలే. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక, పడుకునే ముందు వేసుకోండి. టీ, కాఫీ తాగిన వెంటనే మాత్రం వద్దు, అవి ఇనుమును ఒంటికి పట్టనివ్వవు.

ఆస్పత్రి నుంచి బిడ్డ ఇంటికొచ్చాక అసలు పని మొదలవుతుంది. బాక్సులోంచి బయటపడింది, బరువు పెరుగుతోంది, ఇక గండం గడిచిందనుకుని చుక్కల మందు మానేసే ఇళ్లు చాలా ఉన్నాయి. దయచేసి మానకండి. స్వీడన్‌లో 2 నుంచి 2.5 కిలోల మధ్య బరువుతో పుట్టిన 285 మంది పిల్లలకు ఆరు వారాల నుంచి ఆరు నెలల వయసు దాకా కొందరికి ఇనుము చుక్కలు, కొందరికి మందు లేని చుక్కలు ఇచ్చారు. మూడున్నరేళ్ల వయసులో చూస్తే, ఇనుము అందని పిల్లల్లో నూటికి దాదాపు 13 మందిలో ప్రవర్తన సమస్యలు కనిపించాయి, ఇనుము అందినవాళ్లలో ముగ్గురిలోనే. వాళ్లు కిలో లోపు పిల్లలు కాదు, మన ప్రసూతి ఆస్పత్రుల్లో రోజూ పుట్టే పిల్లలే. గంటలకొద్దీ ఎక్కించే రక్తంతో దొరకని మేలు, అంత చవకైన చుక్కలతో దొరికింది.

తల్లిపాలు తాగే నెలలు నిండని పిల్లలకు ఇనుము కిలో బరువుకు రోజుకు 2 నుంచి 4 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. రక్తం చాలాసార్లు ఎక్కించిన బిడ్డకు ఆ రక్తంతోపాటు ఇనుమూ చేరి ఉంటుంది, కాబట్టి కొన్నాళ్లు ఆగమనవచ్చు. ఒక్కో కంపెనీ చుక్కల మందులో ఇనుము ఒక్కో పాళ్లలో ఉంటుంది. దుకాణంలో వేరే సీసా ఇస్తే పాత లెక్కతోనే వేయకండి, అడిగి వేయండి. బరువు పెరిగినప్పుడల్లా మోతాదూ మారాలి. తల్లి వేసుకునే ఇనుము మాత్రలు పాకే పిల్లలకు, నడిచే పిల్లలకు అందకుండా ఎత్తులో పెట్టండి. ఎర్రగా కనిపిస్తే నోట్లో వేసుకుంటారు, చిన్న ఒంటికి అది విషం.

మెదడు ఎదుగుదలను కనిపెట్టుకుని ఉండాలి. రెండు నెలల ముందు పుట్టిన బిడ్డ ఆరో నెలలో చేయాల్సిన పని ఎనిమిదో నెలలో చేస్తే అది ఆలస్యం కాదు. పుట్టిన తేదీ నుంచి కాక, పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టుకోవాలి. ఆ లెక్కతో చూసినా మూడు నెలలకు ముఖం చూసి నవ్వకపోతే, మెడ నిలబెట్టే ప్రయత్నం లేకపోతే, కాళ్లు బిర్రబిగుసుకుంటుంటే, ఒక చేతినే వాడుతుంటే, శబ్దానికి తల తిప్పకపోతే వెంటనే చూపించాలి. ‘మా ఇంట్లో అందరూ ఆలస్యంగానే నడిచారు’ అని సరిపెట్టుకుంటూ ఏడాది పోగొట్టకండి. ఆ వయసులో వ్యాయామాలతో, ఆటలతో, మాటలతో చేయించగలిగినది మూడేళ్లు దాటాక అంత సులువుగా రాదు. నెలలు నిండని బిడ్డకు కంటి తెర పరీక్ష పుట్టిన నాలుగు వారాల్లోపే జరగాలి. వినికిడి పరీక్ష కూడా ఇంటికి వెళ్లేలోపే అడిగి చేయించుకోండి.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో పిల్లల ఎదుగుదల లోపాలను ముందే గుర్తించే కేంద్రాలున్నాయి. డైక్ అని అడిగితే చెబుతారు. అక్కడ పరీక్షలు, ఫిజియోథెరపీ ఉచితం. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఉంటే, ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన డిశ్చార్జి కాగితం వెంట తీసుకుని, బిడ్డ బాగానే ఉన్నట్టు కనిపించినా సరే, ఈ నెలలోనే ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి. ఇక ఈ పిల్లలకు ఎక్కించే రక్తం దాతలు ఇస్తేనే వస్తుంది, కాబట్టి మీకు 18 ఏళ్లు నిండి, 45 కిలోలకు తగ్గని బరువు, 12.5కు తగ్గని హిమోగ్లోబిన్ ఉంటే, దగ్గర్లోని బ్లడ్ బ్యాంకుకు వెళ్లి రక్తదానం చేయండి. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు.